ఎవరి వంతుకూ రాని నెల

మా పెద్దమ్మకు ముగ్గురు కొడుకులు. ఏడాదికి పన్నెండు నెలలు. పన్నెండును మూడుతో భాగిస్తే శేషం మిగలదు. ఈ లెక్క కనిపెట్టిన గర్వంతో మా కుటుంబం దాదాపు రెండేళ్లు తల ఎత్తుకుని తిరిగింది.

పెద్దనాన్న మత్తిగిరి పశువుల ఫారంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం హోసూరులో మా వీధిలోనే అద్దె ఇంట్లో పెద్దమ్మతో కలిసి ఉండి, ఒక చలికాలంలో పోయాడు. కర్మలు ముగిసి బంధువులంతా విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు పంపకాల మాట వచ్చింది. పొలం అంతకుముందే పంచేసుకున్నారు. ఇత్తడి బిందెలు కోడళ్లు పంచుకున్నారు. ఇంక మిగిలింది పెద్దమ్మ.

అత్తిముగంలో వ్యవసాయం చేసే పెద్దవాడికి చైత్రం, ఆషాఢం, ఆశ్వయుజం, పుష్యం. సూళగిరిలో బోరు మోటార్లు, పైపులు అమ్మే నడిమివాడికి వైశాఖం, శ్రావణం, కార్తీకం, మాఘం. కృష్ణగిరిలో మామిడికాయల వ్యాపారం చేసే చిన్నవాడికి జ్యేష్ఠం, భాద్రపదం, మార్గశిరం, ఫాల్గుణం. పాయసం వడ్డించే లోపల పంపకం అయిపోయింది. పెద్దమ్మ అప్పుడు వెనక గదిలో ఉంది. ఆమెకు ఆ సంగతి తర్వాత చెప్పారు.

తమిళ నేల మీద తెలుగు మాట్లాడే మా వైపు దీన్ని వంతు అంటారు. బావి నీళ్లకు వంతులు వేసుకున్న రోజుల నుంచి వచ్చిన మాట ఇది. ఒక బావి మీద నలుగురు అన్నదమ్ములు బతికే కాలంలో ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు పారాలో వంతు చెప్పేది. తర్వాత ఎవరి బోరు వాళ్లు వేసుకున్నారు, నీళ్లకు వంతు పోయింది. తల్లికి మాత్రం మిగిలింది. దానికే సంప్రదాయం అని పేరు పెట్టారు.

బంధువులు మెచ్చుకున్నారు. ముగ్గురూ సమానంగా చూసుకుంటున్నారు, ఈ కాలంలో ఎవరు చూస్తారు అన్నారు. సమానంగా అన్న మాట నిజమే. తూకం వేసినట్టు ఎవరికీ ఒక పూట ఎక్కువ కాకుండా, ఒక పూట తక్కువ కాకుండా చూసుకునేవాళ్లు. ఆ తూకంలో పళ్లెం మీద కూర్చున్న మనిషికి ఎలా ఉందో అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. తూకం వేసేవాడు సరుకును ఎప్పుడైనా అడుగుతాడా?

వంతు మారడానికి ఒక రోజు కావాలి. నెల అమావాస్యతో ముగుస్తుంది, కానీ అమావాస్య నాడు ముసలామెను గడప దాటించకూడదు. మర్నాడు పాడ్యమి, అదీ ప్రయాణానికి పనికిరాదు. కాబట్టి విదియ. అమావాస్య నుంచి విదియ దాకా పెద్దమ్మ ఎవరి ఖాతాలో తింటుందన్న చర్చ కూడా నా చెవిన పడింది. విన్నవాణ్ణి విన్నట్టు చెబుతున్నాను, కల్పించడం లేదు.

విదియ నాడు మార్పిడి హైవే పక్కన జరిగేది. ఇచ్చేవాడు ఇంటిదాకా వెళ్లి దించితే అవతలివాడి కంటే ఒక మెట్టు దిగినట్టు. పుచ్చుకునేవాడు ఇంటిదాకా వచ్చి తీసుకెళ్తే వాడు దిగినట్టు. అందుకని ఎవరి గడపా కాకుండా, సూళగిరి బయట ఒక టీ కొట్టు ముందు, ఒక కారులోంచి దించి ఇంకో కారులో ఎక్కించేవాళ్లు. ఒకసారి నేనూ అక్కడ ఉన్నాను. ఆ రోజు దించడం ముందే అయిపోయింది, ఎక్కించబోయేసరికి రాహుకాలం పట్టుకుంది. ఎక్కించకూడదు. దించిన కారులో మళ్లీ కూర్చోబెట్టనూ కూడదు, ఎందుకంటే ఆ వంతు తీరిపోయింది. గంటన్నరసేపు పెద్దమ్మ రెండు కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో, బట్టల బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కృష్ణగిరి వైపు పోయే లారీలను చూస్తూ కూర్చుంది. కొడుకులిద్దరూ ఎవరి కారులో వాళ్లు ఏసీ వేసుకుని ఫోన్లు చూసుకున్నారు.

నేను ఊరుకునే రకం కాదని మా బంధువులకు తెలుసు. పెళ్లిళ్లలో నన్ను పురోహితుడికి దూరంగా కూర్చోబెడతారు. ఆ రోజు టీ కొట్టు దగ్గర రాహువు అనే పాము ఎక్కడా లేదని, ఉన్నా హోసూరు రోడ్డు మీద దానికి పనేమీ ఉండదని ఇద్దరు అన్నదమ్ములకూ చెప్పాను. వాళ్లు కారు అద్దాలు కొంచెం దించి, మర్యాదగా విని, అద్దాలు మళ్లీ పైకి ఎత్తుకున్నారు. పెద్దమ్మే నన్ను పిలిచింది.

"నువ్వు కూచోప్పా. ఇంకో కుర్చీ అడుగు. ఊరికే నిలబడితే కాళ్లు నొస్తాయి."

మా ఇంటికి వచ్చేయమని నేను అడగకపోలేదు. చాలాసార్లు అడిగాను. మా ఇల్లు మేడ మీద. పుస్తకాలు కుర్చీల మీద, మంచం కింద, మెట్ల మీద కూడా ఉంటాయి. ఆమె ఒకసారి వచ్చి రెండు రోజులు ఉండి, అన్నీ చూసి, తీర్పు చెప్పింది. "నీ ఇంట్లో మనిషి నడిచేదానికి దోవ లేదు. నువ్వు మాట్లాడేది ఆపితే కదా నిద్రపోయేది. నాకొద్దు నాయనా." రెండు అభియోగాలూ నిజమే. దాంతో ఆ మాట అక్కడికి ఆగింది.

పెద్దమ్మ పెద్దగా ఫిర్యాదులు చేసే మనిషి కాదు. ఆమెకు కావలసింది ఏమిటో నాకు తెలిసింది కూడా అనుకోకుండానే. మత్తిగిరి క్వార్టర్సులో ఆమెకు పక్కింటి స్నేహితురాలు ఒకామె ఉండేది. సూళగిరి దాటాక హైవే దిగి, టమాటా తోటల మధ్యగా లోపలికి పోయే రోడ్డులో ఒక వృద్ధుల హోమ్ ఉంది. రిటైరైన ఒక నర్సమ్మ నడుపుతుంది. ఆ స్నేహితురాలు ఇప్పుడు అక్కడ ఉంది. చూసొద్దామని పెద్దమ్మ అంటే నేను తీసుకెళ్లాను. స్నేహితురాళ్లిద్దరూ మధ్యాహ్నమంతా ఫారంలో ఒకప్పుడు ఉన్న ఆవుల గురించి మాట్లాడుకున్నారు. బయలుదేరేముందు పెద్దమ్మ ఆమె మంచం పక్కన గోడను వేలితో చూపించింది. అక్కడ ఒక మేకు ఉంది. దానికి ఒక తువ్వాలు, కళ్లద్దాల సంచి వేలాడుతున్నాయి.

"ఈ మేకు నీదేనా?"

"నాదే."

"నెల తిరిగితే?"

"నెల తిరిగితే ఏమి? అప్పుడూ నాదే."

బస్సులో వస్తూ పెద్దమ్మ కొడుకుల ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత, తనకు ముగ్గురి ఇళ్లలోనూ మంచం ఉందని, మేకు మాత్రం లేదని చెప్పింది. వెళ్లిన ప్రతిచోటా బ్యాగు మంచం కిందే ఉంటుందట. బట్టలు అందులోంచి తీసి, కట్టుకుని, ఉతికి, మళ్లీ అందులోనే పెడుతుంది. ఎలాగూ నెలాఖరుకు సర్దాలి కదా, బయట పెట్టడం ఎందుకు? పూర్తిగా ఖాళీ చేసిన బ్యాగును ఆమె రెండేళ్లుగా చూడలేదు.

ఈ వేసవిలో వైశాఖం వంతుకు ఆమె అత్తిముగం నుంచి సూళగిరికి వచ్చింది. వచ్చిన మొదటి వారంలోనే, ఇంకా తెల్లవారకముందు లేచి బాత్రూముకు బయలుదేరింది. పెద్దవాడి ఇంట్లో మంచం దిగి ఎడమకు తిరిగితే బాత్రూము. నడిమివాడి ఇంట్లో ఎడమకు తిరిగితే కింద అంగట్లోకి దిగే మెట్లు. కళ్లు నిద్రలో ఉన్నాయి, కాళ్లు చైత్రంలో ఉన్నాయి. పైపుల కట్ట అడ్డం పడి ఆపింది కాబట్టి మణికట్టు విరగడంతో పోయింది.

కట్టు కట్టిన డాక్టరు చాలా మామూలు మాట చెప్పాడు. ఈ వయసులో మనిషిని ఒక్క చోట ఉంచండి, పక్కన పట్టుకునేవాళ్లు ఒకరు ఎప్పుడూ ఉండాలి, ఇంకోసారి పడితే తుంటి ఎముక పోతుంది, అప్పుడు మళ్లీ లేవడం ఉండదు అన్నాడు. ముగ్గురు కొడుకులూ విన్నారు. ముగ్గురి ఇళ్లలోనూ పగలు కోడళ్లతో సహా ఎవరూ ఉండరు. పొలం, అంగడి, మండీ. అంతేకాదు, ఒక్క చోట అంటే ఎవరి చోట? ఒకడి ఇంట్లోనే ఉంచితే మిగతా ఇద్దరూ చూడనట్టు అవుతుంది. చూడడం సంగతి అటుంచి, చూడనట్టు అవ్వకూడదన్నదే ముగ్గురి బాధ.

అప్పుడు పెద్దమ్మ తనే నోరు తెరిచి, ఆ హోమ్‌కు పోతాను అంది. పెద్దనాన్న పెన్షను ఆమెకు వస్తుంది కాబట్టి అక్కడ ఇవ్వాల్సిందానికి ఎవరి ముందూ చెయ్యి చాచనక్కరలేదు అని కూడా అంది.

మీరు ఇక్కడ పెద్ద గొడవను ఊహిస్తారు. గొడవేమీ జరగలేదు. కొడుకులు ఒప్పుకున్నారు. మొదట పెద్దవాడు, మేము ముగ్గురం బతికుండగా అని మొదలుపెట్టి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక, అదీ మంచిదేలే అన్నాడు. మిగతావాళ్లు అన్న మాట కాదంటామా అన్నారు. ఒప్పుకోవడంలో మా వాళ్లను మించినవాళ్లు లేరు. ఒక పనిని ఆపాలంటే దాన్ని ఒప్పుకుని మంచి రోజు చూద్దామంటే చాలు. జీవితంలో నేను చేసిన వాదాలన్నీ ఈ ఒప్పుకోలు ముందే ఓడిపోయాయి.

మంచి రోజు వెతుకులాట ఇలా సాగింది. ఇప్పుడు జ్యేష్ఠం రాబోతోంది, కృష్ణగిరిలో మామిడి సీజను, చిన్నవాడికి ఊపిరాడదు, కొడుకు లేకుండా తల్లిని ఎలా చేరుస్తాం. తర్వాత ఆషాఢం, కొత్త ఇంట్లో అడుగు పెట్టకూడదు. శ్రావణంలో ఇంట్లో వ్రతం ఉంటుంది, ఇంటికి పెద్ద లేకపోతే ఎలా. ఈ మాట దగ్గర నేను ఆపి అడిగాను. పెద్దనాన్న పోయినప్పటి నుంచి వ్రతం రోజున పసుపు కుంకుమల ఎదుటికి రాకుండా వెనక గదిలో ఉంచుతున్నది ఈ పెద్దనే కదా అని. నడిమివాడు, వెనక గదిలో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే కదప్పా అన్నాడు. భాద్రపదంలో పితృపక్షం. ఆశ్వయుజంలో పండుగ. కార్తీకంలో దీపాలు. మార్గశిరం నడుమ మొదలయ్యే ధనుర్మాసం పుష్యంలో సగం తింటుంది. మాఘ ఫాల్గుణాలు బంధువుల పెళ్లిళ్లకు పోతాయి. దేవుళ్లందరికీ, చచ్చిపోయినవాళ్లందరికీ చోటు ఉన్న కేలండరులో బతికున్న ముసలామెకు ఒక్క రోజు దొరకలేదు.

అప్పుడు వచ్చింది, ఎవరూ తలవని చోటు నుంచి, అధిక మాసం.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. చంద్రుణ్ణి బట్టి లెక్కపెట్టే పన్నెండు నెలలు సూర్యుడి ఏడాది కన్నా కొంచెం పొట్టి. ఆ తేడా పోగయ్యి ఒక నెలంత అయినప్పుడు, పంచాంగంలో ఒక నెలను రెండుసార్లు వేసి లెక్క సరిచేస్తారు. మొదటిసారి వచ్చేదాన్ని అధికం అంటారు, రెండోసారి వచ్చేదాన్ని నిజం అంటారు. సర్దుబాటు కోసం వేసిన అతుకు అది. మన పూర్వులు బుద్ధిగా, ఓపికగా ఆకాశం చూసి కనుక్కున్నారు. వాళ్ల మనవలు ఆ అతుకుకు దోషం అంటగట్టి, పెళ్లి వద్దు, గృహప్రవేశం వద్దు, కొత్తది ఏదీ వద్దు అని కూర్చున్నారు. ఈ ఏడాది ఆ అతుకు జ్యేష్ఠానికి పడింది. అంటే రెండు జ్యేష్ఠాలు. అంటే పదమూడు నెలలు. పదమూడును మూడుతో భాగిస్తే శేషం ఒకటి.

ఆ శేషం సూళగిరిలో నడిమివాడి ఇంట్లో, చేతికి కట్టుతో కూర్చుని ఉంది.

విదియ వచ్చింది, పోయింది. టీ కొట్టు ముందుకు ఏ కారూ రాలేదు. రోజులు గడిచాక నడిమివాడు అందరినీ పిలిచాడు, నన్నూ పిలిచాడు. నన్ను పిలవడం ఎందుకంటే, కుటుంబంలో అందరికీ వినిపించేంత గట్టిగా మాట్లాడేవాణ్ణి నేనే. అంగడి వెనక గదిలో, పైపుల వాసనలో కూర్చున్నాం. చిన్నవాడు మండీ నుంచి నేరుగా వచ్చాడు, ఒళ్లంతా మామిడి సొన మరకలు. పెద్దమ్మ గోడవార కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన గోడకు, ఈ ప్రాంతంలో ప్రతి అంగట్లోనూ ఉండే తమిళ కేలండరు, రోజుకో కాగితం చింపేది. పెద్దమ్మ ఆ ఇంట్లో ఉన్నప్పుడు పొద్దున్నే దాన్ని చింపడం ఆమె పని. ఫారం క్వార్టర్సులో ఉండగా నేర్చుకున్న తమిళంతో అందులో ఉన్నదంతా చదివేది.

నడిమివాడు మొదలుపెట్టాడు. "వైశాఖం అమావాస్యతో నా వంతు తీరిపోయింది. ఇంకా ఉంచుకున్నానంటే అది నా మంచితనం. దానికి కూడా ఒక హద్దు ఉండాల."

"నాకు రాసింది ఒక జ్యేష్ఠం," అన్నాడు చిన్నవాడు. "రెండు జ్యేష్ఠాలు నా నెత్తిన వేస్తే ఎట్లన్నా? అది కూడా సీజన్లో."

పెద్దవాడు ధర్మరాజులా గొంతు సవరించుకున్నాడు. "నాది ఆషాఢం. ఆషాఢం వచ్చినరోజు నాకు ఎవురూ ఫోన్ చేయాల్సిన పని లేదు. నేనే వచ్చి పిల్చుకోని పోతాను. నా మాట తప్పిందా ఎప్పుడైనా?"

ఎప్పుడూ తప్పలేదు. అదే వచ్చిన చిక్కు. ముగ్గురూ మాట తప్పని మనుషులు. మాటలో లేని నెల మాత్రం ఎవరిదీ కాదు.

నేను లేచాను. అయితే ఇప్పుడే హోమ్‌లో చేర్చండి, ఆమె అడుగుతున్నది కూడా అదే, మీ ముగ్గురికీ చెందని నెల ఇంతకంటే దొరకదు అన్నాను. ముగ్గురి మొహాలూ ఒక్క క్షణం వెలిగాయి, వెంటనే ఆరిపోయాయి. అధిక మాసంలో కొత్త ఇంటి గడప తొక్కకూడదు కదా. ఇంట్లో ఉంచుకోవడానికి నెల ఎవరిదీ కాదు, బయట చేర్చడానికి నెల మంచిది కాదు. నేను చిన్నవాడు తెచ్చిన ఒక మామిడికాయను సూర్యుడన్నాను, పెద్దవాడు తెచ్చిన ఒక టమాటాను భూమి అన్నాను, ఒక నట్టును చంద్రుడన్నాను. బల్ల మీద తిప్పి తిప్పి ఆ నెల ఎక్కడి నుంచి వచ్చిందో, దానిలో పాపం పుణ్యం ఎందుకు లేవో చూపించాను. చాలా శ్రద్ధగా చూశారు. నడిమివాడు, శానా బాగా చెప్పినావప్పా, ఇన్నేళ్లకు అర్థమైంది అన్నాడు. అని, పురోహితుడికి ఫోన్ చేశాడు.

పురోహితుడు గృహప్రవేశాలు వద్దన్నాడు, దానాలు మాత్రం చేసుకోవచ్చు, అధిక మాసంలో దానానికి రెట్టింపు ఫలం అన్నాడు. అయితే తల్లినే దానం చేసేయండి, రెట్టింపు ఫలం వస్తుంది, ముగ్గురూ పంచుకోండి అన్నాను. పెద్దవాడు నా వైపు చూడకుండా, నోటికొచ్చినట్టు మాట్లాడేదానికి కూడా ఒక లెక్క ఉండాలప్పా అన్నాడు. లెక్క గురించి నాకు చెప్పింది ఎవరో చూడండి.

ఇంతలో పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. లేవడానికి ముందు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు చూసుకుంది. పడినప్పటి నుంచి ఆమె అలాగే చూసుకుంటోంది. బాగున్న చెయ్యి చాచి, కేలండరు నుంచి ఆ రోజు కాగితాన్ని చింపి, బల్ల మీద మామిడికాయకూ టమాటాకూ మధ్యలో పెట్టింది.

"చదువప్పా," అంది నడిమివాడితో.

వాడు చదివాడు. వైకాసి నెల. కింద శుభముహూర్తం అని అచ్చువేసి ఉంది.

"ఇంగేమి ఉంది దాంట్లో?"

"అంతే ఉందిమ్మా."

"అధికం అని ఉందా?"

లేదు. ఉండదు కూడా. తమిళులు సూర్యుణ్ణి బట్టి నెలలు లెక్కపెడతారు. వాళ్లకు అతుకు నెల అవసరమే రాదు. మా వాళ్లు తలుపులు బిగించుకుని కూర్చున్న అదే నెలలో వాళ్లకు వైకాసి, పెళ్లిళ్ల నెల. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా హైవే పక్కనున్న మండపాలన్నిటికీ అరటిచెట్లు కట్టి ఉన్నాయి. నేను వచ్చిన బస్సులోనే రెండు పెళ్లి బృందాలు ఎక్కాయి. నేను చూశాను. చూసి కూడా నాకు తట్టలేదు.

పెద్దమ్మ కుర్చీలో మళ్లీ కూర్చుంది. "ఆ హోమ్ ఎవురిది? అరవామెది. ఆడ గోడకు ఉండేది ఏ కేలండరు? ఇదే. వాళ్ల గడపకు వాళ్ల నెల. నేను తొక్కేది వాళ్ల గడప. మన నెల దోషం ఆడికి యాడ వస్తుంది?"

పెద్దవాడు నడిమివాడిని చూశాడు, నడిమివాడు ఫోన్ తీసి హోమ్ నడిపే నర్సమ్మకు చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. అధిక మాసంలో చేర్చుకుంటారా అని తమిళంలో అడిగాడు. ఆమెకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. అలాంటి నెల తమకు లేదని, ఇది వైకాసి అని, తొందరగా తీసుకురమ్మని, కిటికీ పక్క మంచం ఖాళీ అయిందని చెప్పింది. తర్వాత పురోహితుడికి మళ్లీ ఫోన్ చేశారు. ఆయన కూడా ఆలోచించి, పరాయి ఆచారం ఉన్న చోట ఆ ఆచారమే ప్రమాణం అన్నాడు. నేను ముప్పావు గంట ఆకాశాన్ని బల్ల మీదికి దింపితే కదలని మనుషులు, ఒక చిత్తుకాగితానికి కదిలారు. ఒక మూఢనమ్మకం తలుపు వేస్తే పక్కింటి మూఢనమ్మకంతో తీయించింది మా పెద్దమ్మ. సిద్ధాంతం ప్రకారం నేను దీన్ని ఖండించాలి.

వాళ్లు బయటికి పోయాక ఆ మాటే అన్నాను ఆమెతో. ఆమె కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంటోంది.

"నువ్వు ఆ నెల అబద్ధం అన్నావు, వాళ్లు వినలా. నేను ఆ నెల పక్కింట్లో లేదు అన్నాను. విన్నారు. నాకు పోయేది కావాల. నీకు గెలిచేది కావాల. అంతే కదప్పా."

మర్నాడు పొద్దున, ఆ రోజు కాగితం మీదా అచ్చయి ఉన్న వైకాసి శుభముహూర్తంలో, పెద్దమ్మ హోమ్ గడప తొక్కింది. ముగ్గురు కొడుకులూ వచ్చారు. మంచి రోజు అన్నాక సీజను కూడా అడ్డం రాలేదు. కిటికీ పక్క మంచం, దిగి కుడికి తిరిగితే బాత్రూము. గోడకు మేకు లేదు. నర్సమ్మ ఎక్కడి నుంచో సుత్తి తెప్పిస్తే నడిమివాడు కొట్టాడు. ఎన్నో ఊళ్ల బోర్లకు మోటార్లు దించినవాడు ఆ ఒక్క మేకును రెండుసార్లు వంకర చేశాడు. మూడోది సరిగ్గా దిగింది.

నెల ముగిసింది. నిజ జ్యేష్ఠం విదియ నాడు నేను అక్కడే ఉన్నాను. గేటు ముందు చిన్నవాడి బండి ఆగింది. వంతు వచ్చింది కాబట్టి పిల్చుకుపోవడానికి వచ్చాడు. వచ్చింది ప్రేమతోనా, రాకపోతే అన్నలు నలుగురికీ చెబుతారన్న భయంతోనా అని నన్ను అడగకండి, వాడికే తెలియదు. బుట్టెడు మామిడిపళ్లు తెచ్చాడు.

"బ్యాగు సర్దుకోమ్మా. ఎండెక్కేలోపు పోదాం."

"బ్యాగు లేదప్పా."

"ఏమైంది?"

"వంటామె ఎర్రగడ్డలు పోసుకునేదానికి ఏమీ లేదంటే ఇచ్చేసినాను. వంటింట్లో వేలాడతా ఉంది, పోయి చూడు."

వాడు నిజంగానే వెళ్లి చూశాడు. కొడుకులు ముగ్గురికీ బాగా తెలిసిన ఆ బట్టల కొట్టు బ్యాగు, నిండా ఉల్లిపాయలతో, కిటికీ ఊచకు వేలాడుతోంది. తిరిగి వచ్చి చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. నా వంతు వచ్చి కూడా నేను పిల్చుకుపోలేదంటే జనం ఏమంటారు అన్నాడు. ఆ మాటలో జనం వాటా ఎంత, వాడి వాటా ఎంత అని నేను అడగబోయాను. పెద్దమ్మ నా మోకాలి మీద కట్టు విప్పిన చెయ్యి వేసి నొక్కింది.

"వంతు తీసేయమని ఎవురన్నారు? ఉండనీ. ఇంతవరకూ నేను తిరిగినాను. ఇంగ మీరు తిరగండి. ఎవురి నెలలో వాళ్లు వచ్చి ఒక పూట నా దగ్గర కూచోని పోండి."

"ఏ పొద్దు వచ్చేది?"

"అమావాస్య నాడు రాండి. ఆ పొద్దు మీరు ఏ పనీ మొదలుపెట్టరు కదా."

చిన్నవాడు నవ్వాడో, నవ్వబోయి మానేశాడో తెలియలేదు. పళ్లు వంటింట్లో ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఫోన్లు నడిచాయని విన్నాను. మళ్లీ అధిక మాసం వస్తే ఆ నెల ఎవరు వెళ్లాలి అన్న చర్చ అప్పుడే మొదలైందట. అది రావడానికి ఇంకా చాలాకాలం ఉంది. మా వాళ్లకు ముందుచూపు లేదని ఎవరూ అనలేరు.

జ్యేష్ఠ అమావాస్య నాడు చిన్నవాడు వచ్చాడు. నేను వెళ్లేసరికే వరండాలో తల్లి పక్కన కూర్చుని ఉన్నాడు. సీజను తగ్గుముఖం పట్టింది, మనిషి చిక్కాడు. మొదట్లో ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. నెల నెలా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లే, ఊరికే కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. ధర గురించి అడిగింది, పిల్లల గురించి అడిగింది. వాడు చెప్పాడు. తర్వాత ఫోన్ తీసి టైము చూసి లేచాడు, లోడు ఒకటి ఎక్కించాలి, పోవాల అన్నాడు.

పెద్దమ్మ లోపల గోడకున్న కేలండరు వైపు చూసింది.

"రాహుకాలం ఇప్పుడే పడిందప్పా. దీంట్లో బయలుదేరకూడదు కదా. కూచో."

వాడు ఆ కేలండరు వంక చూసి, నిలబడి ఆలోచించి, చెప్పులు విప్పి మళ్లీ కూర్చున్నాడు. రాహుకాలం ఒకటిన్నర గంట ఉంటుంది. పెద్దమ్మ ముగ్గురికీ టీ చెప్పింది. రాహుకాలం గురించి నేను ఇదివరకు చాలా రాశాను, చాలా వేదికల మీద మాట్లాడాను, ఆ పూట కూడా నోటిదాకా వచ్చింది. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. టీ వేడిగా ఉంది, తాగుతూ కూర్చున్నాను.